పది బై పన్నెండు గదిలో మిక్సింగ్: కిక్ నుంచి మాస్టర్ దాకా

ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని పాట పూర్తి చేశాను. స్పీకర్లలో నాలుగుసార్లు విన్నాను. బేస్ నిండుగా, డప్పు చురుగ్గా, అన్నీ అమరినట్టే ఉన్నాయి. మర్నాడు స్నేహితుడి కారులో పెట్టగానే ముందు తలుపుల ప్లాస్టిక్ గడగడలాడింది. బేస్ మోతలో డప్పు ఎక్కడో పక్క వీధి పెళ్లిలో మోగుతున్నట్టు వినిపించింది. స్నేహితుడు మర్యాదస్తుడు. "బాగుంది, కాస్త సౌండ్ తగ్గించనా?" అని మాత్రం అన్నాడు.

తప్పు కంప్రెసర్‌లో (గట్టి శబ్దాన్ని అణిచే పనిముట్టు) లేదు, నేను కొనలేకపోయిన ఖరీదైన ప్లగిన్‌లలోనూ (సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే పనిముట్లు) లేదు. నేను కుర్చీ వేసుకున్న చోటులో ఉంది. ఇంట్లో చేసిన మిక్స్ (ట్రాక్‌లన్నిటినీ పాళ్లు కుదిర్చి కలిపిన పాట) బయట నిలబడకపోవడానికి నేను చూసినంతలో కారణాలు రెండే. ఒకటి, గది మనకు అబద్ధం చెబుతుంది. రెండు, 200 హెర్ట్జ్‌కు దిగువన రెండు మూడు శబ్దాలు ఒకే చోటు కోసం తోసుకుంటాయి. ఈ రెండూ సర్దుకుంటే మిగిలినదంతా ఓపిక పని.

ఉదాహరణకు అదే పాటను తీసుకుంటాను. నిమిషానికి 125 బీట్‌లు, జి మైనర్. కిక్ (బరువైన డ్రమ్ము దెబ్బ), బేస్ సింథ్ (అడుగు స్వరాలు పలికే ఎలక్ట్రానిక్ వాయిద్యం), క్లాప్ (చప్పట్ల శబ్దం), హై-హ్యాట్‌లు (సన్నటి తాళాల చప్పుడు), రెండు ప్యాడ్‌లు (వెనక పరుచుకుని సాగే స్వరాలు), ఊళ్లో రికార్డు చేసుకొచ్చిన డప్పు, ఒక ఆడగొంతు. సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్‌గా మీరు రీపర్ వాడినా, ఎఫ్ఎల్ స్టూడియో వాడినా, ఏబుల్టన్ లైవ్ వాడినా కింద చెప్పేది మారదు.

ముందు కుర్చీ సంగతి

ఇంటర్ ఫిజిక్సులో లాగి కట్టిన తీగ పాఠం గుర్తుందా? గది కూడా అలాగే ప్రవర్తిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య సగం తరంగదైర్ఘ్యం సరిగ్గా ఇమిడే పౌనఃపున్యం దగ్గర స్థిర తరంగం ఏర్పడుతుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. నా గది పొడవు పన్నెండు అడుగులు, అంటే 3.66 మీటర్లు. వేగాన్ని ఆ పొడవుకు రెట్టింపుతో భాగిస్తే 47 హెర్ట్జ్ వస్తుంది, పది అడుగుల వైపు 56. నా పాటకు ఆధారమైన అట్టడుగు జి స్వరం 49 హెర్ట్జ్. నేను కూర్చున్నది గది నడిమధ్యన, సరిగ్గా ఫ్యాన్ కింద. గోడల దగ్గర ఆ తరంగం ఉబ్బుతుంది, నడిమధ్యన దాదాపు మాయమవుతుంది. వినిపించని బేస్‌ను నేను ఆరు డెసిబెల్‌లు పెంచుకుంటూ పోయాను. కారుకు ఆ రోగం లేదు కదా.

దీన్ని మీ చెవులతోనే తేల్చుకోండి. సింథ్‌లో 49 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని మోస్తరు శబ్దంతో మోగించి గదిలో నెమ్మదిగా నడవండి. మూలకు వెళ్తే ఛాతీకి తగులుతుంది, గది నడిమధ్యకు వస్తే ఎవరో స్విచ్ ఆపినట్టు తగ్గిపోతుంది. ఒక్కసారి ఈ నడక నడిచినవాళ్లు ఆ తర్వాత బేస్ గురించి ధీమాగా మాట్లాడరు.

స్పీకర్లను పొట్టి గోడవైపు పెట్టి, పొడుగు దిక్కుగా చూస్తూ కూర్చోండి. చెవులు ఎదుటి గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరాన, అంటే పన్నెండు అడుగుల గదిలో సుమారు నాలుగున్నర అడుగుల దగ్గర ఉండాలి. ఇది శాసనం కాదు, మొదటి ప్రయత్నానికి మంచి కొలత. అక్కడి నుంచి అరడుగు అటూ ఇటూ జరుపుకుంటూ వినండి. రెండు స్పీకర్లూ మీ తలా సమబాహు త్రిభుజంలో, ట్వీటర్లు (పై శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) చెవి ఎత్తులో, ఎడమ కుడి గోడలు సమాన దూరంలో ఉండాలి.

గోడలకు గుడ్ల అట్టలు అంటించే పని మాత్రం పెట్టుకోకండి. వాటి వల్ల పై శబ్దాలు కొద్దిగా చెదురుతాయేమో గాని బేస్‌కు అవి ఉన్నట్టే తెలియదు. ఇంట్లోని బరువైన బొంత దండెం మీద మడతగా వేలాడదీస్తే పక్క గోడ నుంచి కొట్టే ప్రతిధ్వని తగ్గుతుంది. టైల్స్ నేల మీద జంపఖానా పరిస్తే ఇంకొంత. బేస్‌కు మందం కావాలి: చెక్క చట్రంలో నాలుగు నుంచి ఆరు అంగుళాల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన మందపాటి పలకలు) పేర్చి, గుడ్డ కప్పి, మూలల్లో నిలబెట్టడమే ఉన్నంతలో చవకైన మార్గం. రాక్‌వూల్ పేర్చేటప్పుడు మాస్కూ చేతి తొడుగులూ వేసుకోండి, లేకపోతే రెండు రోజులు గోక్కుంటారు.

ఇక ఫ్యాను. తిరిగే రెక్కలు శబ్దాన్ని తుంచి తుంచి వెనక్కి పంపుతాయి, పైన హ్యాట్‌లు వణికినట్టు వినిపిస్తాయి. మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోమనడం పాపమే. అందుకే నేను ముఖ్యమైన నిర్ణయాలన్నీ తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు మధ్య తీసుకుంటాను.

శబ్దం ఎంత పెట్టాలి? పక్కన కూర్చున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగినంత. మన చెవి తక్కువ శబ్దంలో బేస్‌ను తక్కువగా, ఎక్కువ శబ్దంలో ఎక్కువగా వింటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. పెద్దగా పెట్టుకుంటే ఏ మిక్స్ అయినా బాగున్నట్టే ఉంటుంది, చిక్కంతా అక్కడే.

మిక్స్ తెరవకముందే

ఎలక్ట్రానిక్ సంగీతంలో ఒక సౌలభ్యం ఉంది: నచ్చని శబ్దాన్ని మరమ్మతు చేయనక్కర్లేదు, మార్చేయవచ్చు. ఒక క్లాప్ మీద నాలుగు ఈక్యూలు (పౌనఃపున్యాలను పెంచి తగ్గించే ప్లగిన్‌లు) పడ్డాయంటే ఆ క్లాప్ ఈ పాటది కాదు. సింథ్ ప్రీసెట్‌లలో (తయారుగా వచ్చే శబ్దాలలో) దాదాపు ప్రతిదానికీ సొంత రివర్బ్ (హాలు మోత), కోరస్ (ఒకే శబ్దాన్ని పలువురు పలికినట్టు చేసే ఎఫెక్ట్) తగిలించి ఉంటాయి, షాపులో వినగానే కొనాలనిపించడానికి. అవన్నీ ముందు ఆపేయండి. ఐదు ప్రీసెట్‌లు ఐదు రకాల హాళ్లలో మోగుతుంటే పాట ఒకచోట నిలబడదు.

డప్పుతో వేరే తలనొప్పి. మంట దగ్గర కాచిన వెంటనే శ్రుతి హెచ్చుగా ఉంటుంది, వాయిస్తూ పోతే చర్మం చల్లబడి దిగిపోతుంది. నా రికార్డింగులో మొదటి టేకుకూ చివరి టేకుకూ తేడా సింథ్ పక్కన పెట్టాకే తెలిసింది. వేర్వేరు టేకులను అతికేముందు శ్రుతి సరిచూసుకోండి. ఒకటి రెండు సెమిటోన్‌ల (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరం) మేర జరిపితే సరిపోతుంది, అంతకు మించితే డప్పు ప్లాస్టిక్ డబ్బాలా మారుతుంది.

మీ తరహాకు దగ్గరగా ఉండే, బయట బాగా మోగుతుందని మీరే విని ఎరిగిన పాటను ఒక ట్రాక్‌లో పెట్టుకోండి. అది మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి మెరుగు, గట్టిదనం ఇచ్చే పని) అయిన పాట కాబట్టి ఆరు నుంచి ఎనిమిది డెసిబెల్‌లు తగ్గించి, మీ మిక్స్‌తో సమాన శబ్దానికి తెచ్చాకే పోల్చాలి.

ఫేడర్‌లతో ఒక గంట

అన్ని ప్లగిన్‌లూ ఆపి, ఫేడర్‌లన్నీ (ట్రాక్ శబ్దాన్ని పెంచి తగ్గించే మీటలు) కిందికి లాగి, మాస్టర్‌ను (అన్ని ట్రాక్‌లూ కలిసే చివరి ట్రాక్) మోనోలో (రెండు స్పీకర్లలో ఒకే శబ్దం) పెట్టండి. కిక్‌ను పీక్ (అత్యధిక మట్టం) −10 డెసిబెల్‌ల దగ్గర ఉండేలా తెరవండి. బేస్‌ను దానికంటే మూడు నాలుగు తక్కువలో మొదలుపెట్టి చెవితో సరిచేయండి. తర్వాత గొంతు, తర్వాత డప్పు. ప్యాడ్‌లూ హ్యాట్‌లూ చివర. అన్నీ కలిసినప్పుడు మాస్టర్ పీక్ −6 దాటకూడదు. సాఫ్ట్‌వేర్ లోపల 32 లేదా 64 బిట్ ఫ్లోట్ లెక్కలు (సున్నా డెసిబెల్ దాటినా చోటుండే లెక్కలు) నడుస్తాయి కాబట్టి శబ్దం పగలదు కదా అంటారు. లోపల పగలదు, నిజమే. కానీ పాత పరికరాలను అనుకరించే ప్లగిన్‌లు లోపలికి వచ్చే మట్టాన్ని బట్టి గరగరలాడతాయి, తర్వాత లిమిటర్‌కూ (శబ్దాన్ని హద్దు దాటనివ్వని ప్లగిన్) చోటు కావాలి.

ప్యాడ్‌ను ఎంత పెట్టాలో తెలియకపోతే పూర్తిగా ఆపి, నెమ్మదిగా పెంచుతూ అది ఉందని తెలిసిన క్షణంలో చేయి తీసేయండి. అంతకంటే పైకి వెళ్లాలనిపిస్తే అది పాట కోరిక కాదు, ఆ ప్యాడ్ చేయడానికి మీరు పడ్డ కష్టం అడుగుతున్నది.

ఈ గంటలో పాట ముప్పాతిక వంతు కుదరాలి. కుదరకపోతే ఈక్యూ దగ్గరికి పోకండి, అమరిక చూడండి. చరణంలో రెండు ప్యాడ్‌లు నిజంగా అవసరమా?

కింది అంతస్తు ఎవరిది

ఏ పౌనఃపున్యం ఎంతుందో చూపే వోక్సెంగో స్పాన్ లాంటి ఉచిత అనలైజర్‌లో కిక్‌ను ఒంటరిగా చూడండి. నాది 909 (రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషీన్) తరహా కిక్. దాని బరువు 52 హెర్ట్జ్ దగ్గర, తోక 300 మిల్లీసెకన్ల దాకా సాగింది. బేస్ 49 దగ్గర. ఇద్దరూ ఒకే మంచం మీద. కలిసి మోగితే రెట్టింపు బలం వస్తుందని అనుకుంటాం, కానీ తరంగాలు ఒకసారి కలిసి ఒకసారి కొట్టుకుంటూ ప్రతి బీట్‌కూ ఒక్కో రకంగా వినిపిస్తాయి. మీటరు మాత్రం నిండుగా చూపిస్తుంది.

కాబట్టి ఒకరికి కింది అంతస్తు ఇచ్చి రెండోవారిని పైకి పంపాలి. బేస్ లైన్ పొడుగ్గా సాగేదైతే అట్టడుగు దానికివ్వండి, కిక్‌ను పొట్టిది ఎంచుకోండి. నేను అదే చేశాను: బరువు 65 హెర్ట్జ్ దగ్గర ఉండి 120 మిల్లీసెకన్లలో ఆరిపోయే కిక్ పెట్టి, బేస్‌లో 65 చుట్టూ వెడల్పుగా రెండు డెసిబెల్‌లు తగ్గించాను. లోతైన కిక్కే మీ పాటకు ప్రాణమైతే తిరగేయండి: బేస్‌ను ఒక స్థాయి పైకి, 98 హెర్ట్జ్ జి దగ్గరికి పంపండి.

ఇప్పుడు బేస్ ట్రాక్ మీద పోలారిటీ (తరంగాన్ని తలకిందులు చేసే) బటన్ నొక్కి చూడండి. రెండు స్థితుల్లో ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను చాలామంది మర్చిపోతారు.

తర్వాత సైడ్‌చెయిన్. బేస్ మీద కంప్రెసర్ పెట్టి, కిక్ మోగినప్పుడల్లా అది తలవంచేలా కలపండి. తగ్గుదల నాలుగు నుంచి ఆరు డెసిబెల్‌లు చాలు. బేస్ ఊపిరి పీలుస్తున్నట్టు వినిపించాలంటే పది దాకా వెళ్లవచ్చు, అప్పుడది సరిదిద్దడం కాదు, అలంకారం. రిలీజ్‌ను, అంటే కంప్రెసర్ పట్టు వదలడానికి తీసుకునే సమయాన్ని, పాట వేగంతో లెక్క కట్టండి. 60,000ను 125తో భాగిస్తే బీట్‌కు 480 మిల్లీసెకన్లు, అరబీట్‌కు 240. బేస్ అరబీట్ మీద వాయిస్తుంటే అప్పటికి పూర్తిగా లేచి నిలబడి ఉండాలి, కాబట్టి రిలీజ్ 120 నుంచి 180 మధ్య. అటాక్‌ను, అంటే కంప్రెసర్ పట్టు బిగించడానికి తీసుకునే సమయాన్ని, సున్నాకు దించితే ఒక్కోసారి టిక్కుమని చప్పుడు వస్తుంది. 49 హెర్ట్జ్ తరంగం ఒక్క చుట్టుకు 20 మిల్లీసెకన్లు పడుతుంది, దాన్ని మధ్యలో కత్తిరిస్తే వచ్చే చప్పుడది. రెండు మూడు మిల్లీసెకన్లు ఇస్తే పోతుంది.

ఇక ఫోను. ఫోన్ స్పీకరుకు 200 హెర్ట్జ్‌కు కింద పెద్దగా ఏమీ రాదు. 49 హెర్ట్జ్ జి అక్కడ ఎంత పెంచినా వినబడదు. కానీ 98, 147, 196, 245 అంటూ దాని అనుస్వరాలు (హార్మోనిక్స్, ఆధారస్వరపు గుణిజాలు) వినిపిస్తే చెవి లేని ఆధారస్వరాన్ని తానే ఊహించుకుంటుంది. అందుకే బేస్‌కు నకలు ట్రాక్ ఒకటి తీసి, సాచురేషన్‌తో బాగా గరుకు చేసి, తర్వాత 150కి కింద కోసేసి, అసలు బేస్ కింద సన్నగా కలపండి. దాన్ని ఆపితే ఫోన్లో బేస్ మాయమవ్వాలి, స్పీకర్లలో మాత్రం పెద్ద తేడా తెలియకూడదు. అప్పుడు మోతాదు సరిపోయినట్టు.

ముద్దగా ఉండే చోటు

200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య అందరికీ కొంత పని ఉంటుంది. ప్యాడ్‌ల కడుపు, గొంతు వెచ్చదనం, డప్పు గుమ్మటం, బేస్ పైభాగం అన్నీ అక్కడే. నలుగురూ ఒక్కసారి మాట్లాడితే పాట ముద్దైపోతుంది. ప్యాడ్‌లలో 300 చుట్టూ మూడు డెసిబెల్‌లు తగ్గించండి. విడిగా వింటే ప్యాడ్ పలచగా, చప్పగా ఉంటుంది, భయపడకండి. మిక్స్‌లో దాన్ని ఎవరూ విడిగా వినరు.

ఈక్యూలో ఒక బ్యాండ్‌ను (పౌనఃపున్యాల ముక్కను) పది డెసిబెల్‌లు పెంచి, అటూ ఇటూ తిప్పుతూ, చెడుగా వినిపించిన చోట కోయమని చాలా వీడియోలు చెబుతాయి. అంత పెంచితే ఏ చోటైనా చెడుగానే వినిపిస్తుంది. ఆ పద్ధతితో నేను ఒక గొంతును జల్లెడ చేసి పెట్టాను. ముందు ఏది ఇబ్బందిగా ఉందో మాటల్లో చెప్పుకోండి, "డబ్బాలో మాట్లాడుతున్నట్టుంది" అనో, "చెవిలో గుచ్చుతోంది" అనో. మొదటిది 400 నుంచి 600 దగ్గర, రెండోది 2,500 నుంచి 5,000 దగ్గర వెతకాలి. కోశాక ఈక్యూను ఆపి, శబ్దం సమానంగా ఉంచి పోల్చండి. ఒక్క డెసిబెల్ ఎక్కువగా వినిపించినా చెవి దాన్నే మెచ్చుకుంటుంది.

కింది భాగం కోసే హై-పాస్ ఫిల్టర్లు హ్యాట్‌లకు 300 దగ్గర, ప్యాడ్‌లకు 150, గొంతుకు 80 నుంచి 100. డప్పుకు నేను 70 మాత్రమే పెడతాను. అలవాటుగా ప్రతి ట్రాక్‌నూ కోసుకుంటూ పోతే పాటలో ఒళ్లే మిగలదు.

డప్పుకు కంప్రెసర్

డప్పులో సిర్ర (లావు కర్ర) దెబ్బ గట్టిది, చిటికెన పుల్ల దెబ్బ సన్నది. ఈ రెండింటి మధ్య దూరమే తీన్మార్ నడకకు అందం. అటాక్ ఒక మిల్లీసెకనులో పెట్టి కంప్రెసర్ వేస్తే సిర్ర దెబ్బ మొన విరిగిపోతుంది, పుల్ల దెబ్బ దాని స్థాయికి లేస్తుంది, అంతా ఒకే ఎత్తులో టపటపలాడుతుంది. అటాక్ 25 మిల్లీసెకన్లు ఇస్తే దెబ్బ మొదటి మొన తప్పించుకుని బయటపడుతుంది, వెనకాల వచ్చే గుమ్మటం మాత్రమే తగ్గుతుంది. నిష్పత్తి 4:1, అంటే హద్దు దాటిన ప్రతి నాలుగు డెసిబెల్‌లలో ఒకటే బయటికి వస్తుంది. రిలీజ్ 100, తగ్గుదల మూడు దాటకుండా. సూది ప్రతి దెబ్బకూ దిగి, తర్వాతి దెబ్బలోపు తిరిగి లేవాలి. లేవకుండా కిందే వేలాడుతుంటే రిలీజ్ ఎక్కువైనట్టు.

కిక్, హ్యాట్, క్లాప్ వంటి రెడీమేడ్ శాంపిళ్లకు కంప్రెసర్ అక్కర్లేదు. వాటిని చేసినవాళ్లే పిండి పిప్పి చేసి ఇచ్చారు.

గొంతు, దాని వెనక గది

గొంతు మీద కంప్రెసర్ వేయకముందు వాల్యూమ్ ఆటోమేషన్‌తో (శబ్దాన్ని చోటు చోటుకూ గీతగా గీసి మార్చే పద్ధతి) పదం పదం సమం చేయండి. విసుగు పుట్టే పని, ఒక పాటకు గంటన్నర పడుతుంది, ఏ ప్లగిన్ ఇవ్వని స్పష్టత ఇస్తుంది. స, శ, చ అక్షరాలు చీలుతుంటే 5,000 నుంచి 8,000 మధ్య డీ-ఎస్సర్ (ఆ చీలికను అణిచే ప్లగిన్) పెట్టండి. అతిగా పెడితే "సంధ్య" కాస్తా "తంధ్య" అవుతుంది.

తెలుగు అజంత భాష. పదం చివర అచ్చు వస్తుంది, గాయకులు దాన్ని లాగుతారు కూడా. ఆ లాగిన అచ్చు రివర్బ్‌లో పడి ఇంకా సాగి, తర్వాతి పదం మొదటి అక్షరాన్ని మింగేస్తుంది. అందుకే తెలుగు గొంతుకు నేను రివర్బ్ పొట్టిగా పెడతాను: ఒకటిన్నర సెకను లోపు, 35 మిల్లీసెకన్ల ప్రీ-డిలేతో (రివర్బ్ మొదలయ్యే ముందు ఆగే విరామం). రివర్బ్ ట్రాక్ మీద కూడా గొంతుతో సైడ్‌చెయిన్ పెడితే పాడుతున్నంతసేపూ తోక అణిగి ఉండి, విరామంలో వికసిస్తుంది. విశాలం కావాలంటే డిలే (శబ్దాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించే ఎఫెక్ట్) మేలు. 125 వేగంలో చుక్క పెట్టిన ఎనిమిదో వంతు, అంటే ముప్పావు బీట్, 360 మిల్లీసెకన్లు, అది గొంతు వెనక చక్కగా నడుస్తుంది.

పాట మొత్తానికి రెండే రివర్బ్‌లు సెండ్‌ల మీద (అన్ని ట్రాక్‌లూ పంచుకునేలా) ఉంచండి, పొట్టిది ఒకటి, పొడుగుది ఒకటి. రెండింటికీ ముందు ఈక్యూ పెట్టి 300కి కింద, 8,000కు పైన కోయండి. రివర్బ్‌లోకి కిక్, బేస్ వెళ్లాయంటే ఇందాక కడిగిందంతా మళ్లీ ముద్దవుతుంది.

వెడల్పు

120 హెర్ట్జ్‌కు కిందిదంతా మోనో. ఊరేగింపు బండి మీది స్పీకర్లు, ఫంక్షన్ హాలు స్పీకర్లు చాలాచోట్ల మోనోలోనే కలిపి ఉంటాయి. ఒకవైపు శబ్దాన్ని 15, 20 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి వెడల్పు తెచ్చే కిటుకు హెడ్‌ఫోన్లలో అద్భుతంగా ఉంటుంది, మోనోలో డొల్లగా మారుతుంది. ప్యాడ్ వెడల్పుగా కావాలంటే రెండు వేర్వేరు టేకులు వాయించి ఎడమా కుడీ పెట్టండి.

మాస్టర్ మీద

ఇక్కడ చేసేది తక్కువ. పాట మొత్తం మీద పనిచేసే బస్ కంప్రెసర్ 2:1, అటాక్ 30, తగ్గుదల ఒకటి నుంచి రెండు డెసిబెల్‌లు. తర్వాత లిమిటర్, ట్రూ పీక్ (తరంగం నిజంగా చేరే శిఖరం) హద్దు −1. ఎంపీ3గా, ఏఏసీగా మారేటప్పుడు పీక్‌లు కొంచెం పైకి లేస్తాయి కాబట్టి ఆ ఒక్క డెసిబెల్ వదలాలి.

లౌడ్‌నెస్‌ను యూలీన్ మీటరు ఉచిత వెర్షన్‌తో కొలవవచ్చు. స్పాటిఫై మామూలుగా పాటలను −14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తోచే సగటు గట్టిదనపు కొలత) మట్టానికి తెచ్చి వినిపిస్తుంది. మీ పాట −8 ఉంటే ఆరు డెసిబెల్‌లు తగ్గిస్తుంది. లిమిటర్ నలిపేసిన కిక్ అలాగే నలిగి ఉంటుంది, గట్టిదనం మాత్రం చేతికి రాదు. అలాగని −14 కోసం పాటను బలవంతంగా తగ్గించనూ వద్దు. డీజేలు వాయించే పాటైతే −9, −8 దాకా వెళ్లండి, ఇంట్లో వినేదైతే −11, −12 దగ్గర ఆగండి. కిక్ మొన మొద్దుబారడం మొదలైన చోట ఒక అడుగు వెనక్కి వేస్తే చాలు. 24 బిట్ వేవ్ ఫైలుగా తీయండి, 16 బిట్ అడిగితే డిథర్ (బిట్‌లు తగ్గినప్పుడు వచ్చే గరుకును కప్పే సన్నని రొద) వేయండి.

కారు, ఫోను, షేర్ ఆటో

ఆ రోజు మాత్రం ఫైలు ఎవరికీ పంపకండి. మర్నాడు ఫోన్ స్పీకరులో, వంటింట్లో కుక్కర్ విజిల్స్ మధ్య వినండి: గొంతు మాటలు అర్థమవుతున్నాయా? కారులో వినండి: బేస్ స్వరాలన్నీ ఒకే బలంతో ఉన్నాయా, ఒక్క స్వరమే గుభేలుమంటోందా? ఒక్కటే లేస్తుంటే ఆ స్వరాన్ని మాత్రం ఆటోమేషన్‌తో తగ్గించండి, బేస్ మొత్తాన్ని కాదు. వీలుంటే వెనక సీటు కింద పెద్ద స్పీకరు బిగించిన ఆటోవాలాను బతిమాలి ఒకసారి వేయించుకోండి. అంత నిర్దాక్షిణ్యమైన పరీక్ష ఏ స్టూడియోలోనూ దొరకదు.

వింటున్నప్పుడు ఏదీ సరిచేయకండి, కాగితం మీద రాసుకోండి. కుర్చీ నాలుగున్నర అడుగుల దగ్గరికి జరిపి, పైవన్నీ మళ్లీ చేశాక అదే స్నేహితుడి కారులో రాసుకున్న చీటీ ఇది: "బేస్ ఒక డెసిబెల్ తక్కువ. రెండో చరణంలో డప్పు ఎక్కువ. 1:42 దగ్గర 'చ' గుచ్చుతోంది. హ్యాట్ సరే." తలుపు ప్లాస్టిక్ చప్పుడు చేయలేదు.